మిత్రుల ముఖములతో బొమ్మల పేక

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



చిత్రలేఖనము నేర్పువారము గనుక మాకు మాటకంటె కుంచె తేలిక. అయినను ఈ దినమున మాటలాడక తప్పదు. ఏలననగా, మూడు మాసములనుండి మన పై తరగతుల పిల్లలు చేయుచున్న పనినిగూర్చి మీలో కొందరు మమ్ములను సూటిగానే అడిగితిరి. ‘‘మాస్టారూ, బడిలో పేకముక్కలు గీయిస్తున్నారట, నిజమేనా?’’ అని యొకరు. ‘‘అవి జోస్యం చెప్పే ముక్కలని మావాళ్లు సెల్‌ఫోనులో చూపించారు, అవేనా?’’ అని మరియొకరు. ‘‘మా పిల్లవాడి బొమ్మ వాటిమీద ఎందుకండీ?’’ అని ఒక తల్లి. మూడు ప్రశ్నలును న్యాయమైనవే. మూడవది అన్నిటికంటె బరువైనది. దానికి చివర వచ్చెదము.

పేకముక్కలే, దాచవలసినది లేదు. అయితే ఇది ఆసు, రాజు, రాణి, జాకీలతో మనమెరిగిన యేబదిరెండు ముక్కల పేక కాదు. దీనిని టారో అందురు. ఇందు 78 ముక్కలుండును. వానిలో 56 మన పేకకు దాయాదులు: నాలుగు రంగులు, రంగునకు పదునాలుగు. జాకీకిని రాణికిని నడుమ గుఱ్ఱపురౌతొకడు అదనము. మిగిలిన 22 ముక్కలకు రంగు లేదు. ఒక్కొక్కదానిపై ఒక బొమ్మ, ఒక పేరు. చక్రవర్తి, న్యాయము, ఏకాంతవాసి, అదృష్టచక్రము, చంద్రుడు, సూర్యుడు, ఈ తీరున సాగును. పేకాట తెలిసినవారికి వీని పని వెంటనే బోధపడును. మనము ఆటయాటకును తురుపు నిర్ణయించుకొందుము. వీనిలో ఒక్కటి తప్ప తక్కినవన్నియు ఎప్పటికిని తురుపులే. 15వ శతాబ్దిలో ఉత్తర ఇటలీలో ఈ పేక పుట్టినపుడు వీనిని ‘ట్రియోన్ఫి’ యనిరి. ఆంగ్లములోని ‘ట్రంప్’ అను మాట దానినుండి వచ్చినదే.

మూడువందల యేండ్లకు పైగా అది ఆటగానే నడచినది. జోస్యము తరువాతి కథ. 1781లో కోర్ ద జెబెలాఁ అను ఫ్రెంచి పండితుడు ఈ బొమ్మలలో ప్రాచీన ఐగుప్తు దేశపు రహస్యవిద్య దాగియున్నదని వ్రాసెను. ఐగుప్తు బొమ్మలలిపిని చదువగలవారు ఆనాటికి లోకములో ఒక్కరును లేరు గనుక కాదనువారును లేకపోయిరి. మరి నాలుగేండ్లకు ఆలియెత్ అనునతడు తన పేరును త్రిప్పివ్రాసి ‘ఎత్తేయా’ యను మారుపేరు పెట్టుకొని, ఈ ముక్కలతో భవిష్యము చెప్పు విధానమును అచ్చువేసెను. నాటినుండి నేటివరకు ఆ వ్యాపారము సాగుచునేయున్నది. మనకది వింత గాదు. సంతలో చిలుక జోస్యుడు కూర్చుండును. చిలుక పంజరమునుండి తిన్నగా వచ్చి, కట్టలోనుండి ఒక ముక్కను ముక్కుతో లాగి, గింజ తిని మరల లోనికి పోవును. చిలుకకు తెలిసినది గింజయే. మన బడిలో జోస్యము లేదు, పందెము లేదు. ఆ రెండును లేకున్నను ఈ బొమ్మలలో పిల్లలు నేర్వదగినది మిక్కిలిగా నున్నదని మా నమ్మకము.

బొమ్మల పేక మన దేశమునకును పాతదే. 1527లో సింధులోని షా హసనునకు గంజీఫా ముక్కలు పంపినట్లు బాబరు తన ఆత్మకథలో వ్రాసికొనెను. తరువాత దశావతార గంజీఫా వచ్చినది: అవతారమునకు పండ్రెండు చొప్పున 120 ముక్కలు, చాలవరకు గుండ్రనివి. మైసూరున ముమ్మడి కృష్ణరాజ ఒడెయరుగారు గంజీఫాలో క్రొత్త ఆటలెన్నో కల్పించిరి. మన తెలుగుసీమలో నిర్మల్ చిత్రకారులు ఈ ముక్కలు వ్రాసిరి. నిర్మలును రాయచూరును 1956 వరకు ఒకే హైదరాబాదు రాష్ట్రములోనివి గదా. ఒడిశాలోని రఘురాజపురమున నేటికిని చింతగింజల జిగురుతో గుడ్డపొరలను అంటించి, సుద్ద పూసి, నునుపుచేసి, దానిపై వ్రాయుదురు. మన పిల్లలు పట్టుకొన్నది ఆ పద్ధతినే. మీ యిండ్లలో చింతగింజలు మాయమగుచున్నవని ఫిర్యాదు వచ్చినది. అవి మా గదిలో నానుచున్నవి.

ఇక అసలు సంగతి. ముక్కపై రాజున్నాడు, రాణియున్నది. ఆ ముఖము ఎవరిది?

ఫ్రెంచివారి పేకలో రాజులకు, రాణులకు, జాకీలకుకూడ పేర్లున్నవి. మనము ఆటీను జాకీ యనువానిని వారు లా ఇర్ అందురు. అది కల్పితము కాదు. 15వ శతాబ్దిలో జోన్ ఆఫ్ ఆర్క్ ప్రక్కన నిలిచి యుద్ధము చేసిన సేనాని మారుపేరది. మిలానులో విస్కోంతి, స్ఫోర్జా వంశములవారు బంగారురేకుతో వ్రాయించుకొన్న పేకలో వారి వంశచిహ్నములున్నవి. ఆ పేకలో 74 ముక్కలు నేటికిని మిగిలియున్నవి. పదవి బొమ్మలో నుండును, మనిషి దాని వెనుక నుండును. ఈ మాట మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. దేశమంతట శిలలపై ‘దేవానాంప్రియుడు’ అను బిరుదు కనబడుచుండెను, అతడెవరో స్థిరపడలేదు. 1915లో మన మస్కిలో దొరికిన శాసనమున ఆ బిరుదు ప్రక్కన ‘అశోకుడు’ అను పేరు కనబడినది. ‘చక్రవర్తి’ యను ముక్క గీయునపుడు పిల్లలకు మేము మొదట చెప్పినది మస్కి కథయే.

ఇప్పుడు లోకమున మిక్కిలి వాడుకలోనున్న టారో బొమ్మలు ఒక స్త్రీ చేతినుండి వచ్చినవి. ఆమె పేరు పమేలా కోల్మన్ స్మిత్. అమెరికా దంపతులకు 1878లో లండనులో పుట్టినది. బాల్యము కొంత ఇంగ్లండులో, కొంత జమైకా ద్వీపములో గడచినది. న్యూయార్కు బ్రుక్లిన్‌లోని ప్రాట్ సంస్థయందు చిత్రకళ నభ్యసించెను. జమైకాలో విన్న అనాన్సీ యను సాలెపురుగు కథలను 1899లో తన బొమ్మలతో ప్రకటించెను. ఇరువదిరెండేండ్లు నిండకముందే తల్లియు తండ్రియు గతించిరి. అట్టి పిల్లను లండనులోని లైసియం నాటకసమాజము తనలో చేర్చుకొనెను. ఆ సమాజపు మహానటి ఎలెన్ టెర్రీ ఆమెను ఆదరించి ‘పిక్సీ’ యని ముద్దుపేరు పెట్టెను.

1909లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అను రచయిత క్రొత్త టారో పేకకు బొమ్మలు గీయుమని పమేలాను కోరెను. ఆమె సుమారు ఆరు మాసములలో 78 ముక్కలను ముగించెను. అంతకుముందు చిన్న ముక్కలపై మన పేకలోవలెనే లెక్కగుర్తులు మాత్రముండెడివి. 15వ శతాబ్దినాటి సోలా బుస్కా యను ఇటలీ పేక యొకటి ఇందుకు ప్రసిద్ధమైన మినహాయింపు. ఆమె అన్నిటిపైకిని మనుష్యులను ఎక్కించినది. అయిదు పాత్రల ముక్కపై, మూడు పాత్రలు ఒరిగిపోగా నల్లని కంబళి కప్పుకొని తలవంచి నిలిచిన మనిషి. వాని వెనుక నిండుగా నిలిచియున్న రెండు పాత్రలను వాడు చూడలేదు. పది కర్రల ముక్కపై, కర్రల మోపు నెత్తుకొని ముందేమున్నదో కనబడక ఊరివైపు నడచు కష్టజీవి. వానిని మన చేలగట్లపై చూడనివారెవరు?

ఆ ముక్కలను శ్రద్ధగా చూచినవారికి నాటకశాల కనబడును. పెక్కు బొమ్మలలో నేలకు అడ్డముగా ఒక గీత, గీతకీవల మనిషి, ఆవల తెరపై వ్రాసినట్లు కొండలును కోటలును. కర్రల రాణి ముఖమున ఎలెన్ టెర్రీ పోలికలున్నవని పరిశీలకులు కొందరు చెప్పుదురు. మిత్రురాలిని రాణిగా గీయుటకు పమేలా విశేషముగా ఊహింపవలసిన పనిలేదు. ఆమె రంగస్థలముపై రాణియై నిలుచుటను తెరప్రక్కనుండి చూచినదే. క్యాంపులలో పద్యనాటకములు చూచి పెరిగినవారికి ఇది తెలియును. రాత్రి కృష్ణవేషము కట్టినవాడు తెల్లవారి ఎరువుబస్తా మోయుచు ఎదురైనను, చూచువారికి నెలదినములవరకు ఆయన కృష్ణుడే. బస్తా దించుకొనుమని చెప్పుటకే నోరు రాదు.

ఆమె కథలో చేదును గూడ పిల్లలకు చెప్పితిమి. 1909 నవంబరులో తన మిత్రుడైన ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్స్‌కు వ్రాసిన జాబులో, పని కొండంత, ముట్టినది గోరంత అను భావమును ఆమె తెలిపెను. ఆ డిసెంబరులో విలియం రైడర్ కంపెనీ పేకను ప్రకటించినది. ప్రకాశకుని పేరును, వ్రాయించినవాని పేరును కలిపి లోకము దానిని ‘రైడర్-వెయిట్’ పేక యనెను. గీసినదాని పేరు చాలకాలము ఎవరును చేర్చలేదు. ఇటీవలి దశాబ్దములలోనే స్మిత్ అను మాటను తోడుచేయుచున్నారు. 1951లో ఆమె ఇంగ్లండు పడమటి తీరమున బ్యూడ్ అను ఊరిలో అప్పులతో మరణించెను. సామాను వేలమువేసి అప్పులు తీర్చిరి. ముక్కలపై ఒక అంచున ఆమె తన పేరులోని మూడక్షరములను పామువలె పెనవేసి గీసికొన్నది. లక్షలాదిమంది చేతులలో మెలగు బొమ్మలకు ఆమె విడిచిన సంతకము అంతియే.

మన పిల్లల పనికి ఇంకను దగ్గరైనది మరియొక స్త్రీ పని. బీ నెటిల్స్ అను అమెరికా ఛాయాచిత్రకారిణి 1970 వేసవిలో నార్త్ కరొలీనా కొండలలోని పెన్లాండ్ అను చేతిపనుల పాఠశాలలో నుండగా ఒక పేకను తలపెట్టెను. కుంచె బదులు కెమెరా పట్టినది. మోడళ్లకు డబ్బిచ్చి పిలువలేదు. తన మిత్రులను, తోడివారిని, బంధువులను నిలువబెట్టి 78 ముక్కలకును ఛాయాచిత్రములు తీసెను. 1975లో ‘మౌంటెన్ డ్రీమ్ టారో’ అను పేర అది అచ్చయినది. ఛాయాచిత్రములతో వచ్చిన మొట్టమొదటి టారో పేక అదియేనందురు. ఒక మనిషి తన చుట్టునున్నవారిని వరుసగా చూచుచు, నీవు న్యాయము, నీవు చంద్రుడు, నీవు పది కర్రలు మోయువాడవు అని చెప్పుటకు అయిదేండ్లు పట్టినది. మేము పిల్లలకు అయిదేండ్లు ఇయ్యలేము గనుక ఇరువదిరెండు ముక్కలతో సరిపెట్టితిమి.

మొదటి దినమున మేమడిగినది ఒకే ప్రశ్న: ‘‘మీ నేస్తములెవరు?’’ అందరును ప్రక్క బెంచివారి పేర్లే చెప్పిరి. వారమునకు పట్టిక పెరిగినది. సంతలో కూరలమ్ము ఒక అవ్వ వచ్చినది. కాలువ లస్కరు వచ్చెను. బస్సు దిగుచోట టీకొట్టు నడుపు మనిషి వచ్చెను. పట్టికలో పలువురి యింటిభాష తెలుగు కాదు. కొందరిది కన్నడము, కొందరిది ఉరుదు. తెలుగు సంఘము నడుపు బడిలో గీయు పేక తెలుగువారి ముఖములతోనే యుండవలెనా యని ఉపాధ్యాయులలోనే చర్చ జరిగినది. నేస్తములు ఎవరో పిల్లలు చెప్పిరి. దానిని దిద్దుట మా పని కాదు. ముఖము ఎవరిదైనను క్రింద వ్రాయు మాట తెలుగు. అంతటితో చర్చ ముగిసినది.

మా కందరికిని మిక్కిలి నచ్చిన ముక్క ‘టెంపరెన్స్’ అనునది. పమేలా బొమ్మలో ఒక దేవదూత ఒక కాలు నేలపైని, ఒక కాలు నీటిలోను ఉంచి, రెండు పాత్రల నడుమ నీటిని ఇటునుండి అటు పోయుచుండును. దీనికి తెలుగేమి? నిఘంటువులో మితము, నిగ్రహము అని యున్నది. ఒక పిల్ల బొమ్మను చూచి, ‘‘టీకొట్టు మామ టీ చల్లారుస్తున్నట్టుంది’’ అనినది. తరగతి నవ్వినది. తరువాత అందరును అదే నిజమని ఒప్పుకొనిరి. మరుగుచున్న టీని త్రాగువాని నోటికి తగినంతవరకు తెచ్చుటయే కదా మితము. ఆయన ఒక సాయంకాలము అరగంట అదేపనిగా గ్లాసునుండి గ్లాసునకు పోయుచు నిలిచెను. ఆ దినమున కొట్టునకు వచ్చినవారందరును పచ్చినీళ్లవలె చల్లారిన టీ త్రాగవలసివచ్చినది. ముక్క క్రింద పిల్లలు వ్రాసిన మాట ‘పాకము’. ఎక్కువయు తక్కువయు కాని హద్దును మన వంటయింటిలో ఆ మాటతోనే చెప్పుదుము గదా.

‘స్ట్రెంగ్త్’ అను ముక్కకు మాట కుదురుటకు ఇంకను జగడమైనది. బొమ్మలో ఒక స్త్రీ సింహము నోటిని మెత్తగా మూయుచుండును. కండబలము చూపినట్లు ఎచ్చటను లేదు. బలము అనిరి, శక్తి అనిరి, ధైర్యము అనిరి. మేము మా పాండిత్యము చూపి ధృతి యని బోర్డుపై వ్రాసితిమి. వెనుకబెంచినుండి ఒక పిల్లవాడు, ‘‘నిబ్బరం అంటే చాలదా అండీ, మా నాయనమ్మ అంటుంది’’ అనెను. చాలును. మా మాటను తుడిచి వాని మాటను వ్రాసితిమి. సింహము బదులు పొగరు గల కోడె. దాని నుదుటిపై చేయివేసి నిలిచినది తొమ్మిదవ తరగతి బాలిక. ఆ బాలిక నిలిచినది గాని కోడె నిలువలేదు. దానిని జ్ఞాపకమునుండి గీయవలసివచ్చినది.

‘న్యాయము’నకు కూరల అవ్వను ఎన్నుకొనిరి. ఏలయనగా ఆమె తూకము ఎన్నడును తగ్గలేదట. పిల్లలు సంతకు పంపబడినపుడు ఆమెయొద్దకే పోవుదురట. ఆమె తక్కడి యనును, మనము తక్కెడ యందుము. కుడిచేత కత్తి పట్టవలెనని చెప్పగా పట్టనని ఖండితముగా చెప్పినది. కత్తి స్థానమున తూనికరాయి గీసిరి. బొమ్మ దానివలన బాగుపడినదని మా యభిప్రాయము. ‘ఏకాంతవాసి’ చేతిలో దీపముతో రాత్రివేళ ఒంటరిగా నిలుచు వృద్ధుడు. దానికి టార్చిలైటుతో కాలువగట్టున తిరుగు లస్కరు తనంతట తానే కుదిరెను.

ఇందువలన చదువునకేమి లాభమని అడుగవచ్చును. ఒక ముఖమును ఇరువది నిమిషములు రెప్పవాల్చక చూచిన పిల్ల, ఆ మనిషిని మరల దారిలో చూచినపుడు పలుకరింపక పోదు. ఈ దినములలో మాటయొకటి టైపుచేసిన బొమ్మను యంత్రమే క్షణములో చేసియిచ్చును. అది ఎంత అందమైనదైనను, దాని యెదుట ఎవరును కూర్చుండి మెడనొప్పి పడియుండరు. ‘‘నా ముక్కు అంత పెద్దదా?’’ అని ఎవరును గీసినవానితో పోట్లాడియుండరు. ఆ పోట్లాటయే మాకు కావలసినది.

ఇక మూడవ ప్రశ్న. ముఖమును ముక్కపై పెట్టుట గౌరవము మాత్రమే కాదు, దండనయు కాగలదు. ఇటలీ నగరములలో పూర్వము ద్రోహులను, అప్పు ఎగవేసినవారిని బహిరంగముగా గోడలపై తలక్రిందుగా వ్రేలాడదీసినట్లు బొమ్మలు వ్రాయించెడివారు. మనిషి పారిపోయినను ముఖము ఊరిలో వ్రేలాడుచుండును. 1440లో ఫ్లోరెన్సున అట్టి బొమ్మలు వ్రాసిన ఆంద్రెయా దెల్ కస్తాన్యో అను గొప్ప చిత్రకారునకు ‘ఉరివారి ఆంద్రెయా’ యను పేరే స్థిరపడినది. టారోలో ఒంటికాలితో తలక్రిందుగా వ్రేలాడు మనిషి ముక్క యొకటి యున్నది. ఇటలీవారు దానిని ‘ద్రోహి’ యనియు పిలిచిరి.

మా తరగతిలోను అట్టిది జరిగినది. 22 ముక్కలలో సున్న అంకె గలది ‘ఫూల్’. కొండచరియ అంచున, భుజముపై కర్రకు మూట కట్టుకొని, ఆకాశము చూచుచు నడచు యువకుడు; కాళ్లకడ కుక్క. పిల్లలు దానికి వెంటనే వెంగళప్ప యని పేరుపెట్టిరి. ఒక పిల్లవాడు ఎవరిని అడుగకయే తన తరగతివానిని వెంగళప్పగా గీసి గోడకంటించెను. ఆ తరగతివాడు కన్నడ బడినుండి ఈ యేడే వచ్చినవాడు. తెలుగు ఇంకను కూడబలుకుకొని చదువును. పోలిక చక్కగా కుదిరినది, అదియే చిక్కు. ఎవరిదో చెప్పనక్కర లేకుండ అందరును నవ్విరి. వాడు నవ్వలేదు. మరునాడు బడికి రాలేదు. వాని తల్లియే మమ్ములనడిగిన ఆ తల్లి.

మేము గీసినవానిని కొట్టలేదు. బొమ్మను తీసివేసి ఊరకుండనుకూడ లేదు. తరగతి నంతటిని కూర్చుండబెట్టి నియమములు వారిచేతనే పెట్టించితిమి. అడుగక ఎవరిని గీయరాదు. ఏ ముక్కకో ముందే చెప్పవలెను. మోడలు వలదన్న ముక్క, పూర్తియైనను, మోడలు చేతికే ఇచ్చివేయవలెను. దానిని ఏమిచేసినను వారి యిష్టము. గీయుటకై సెల్‌ఫోనులో తీసిన ఫొటో బొమ్మ ముగిసిన దినమున వారి యెదుటనే చెరిపివేయవలెను, ఎవరికిని పంపరాదు. ఆడపిల్లల విషయమున ఇంటివారి అంగీకారము వ్రాతమూలముగా నుండవలెను. ‘పిశాచము’, ‘మృత్యువు’ వంటి ముక్కలకు నేస్తమును పిలువరాదు. గీయువాడు అద్దములో తన ముఖము చూచి గీసికొనవలెను. పేరుపొందిన చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1984లో వెలువడిన తన పేకలో ‘ఐంద్రజాలికుని’గా తన్ను తానే గీసికొనెను, భార్య గాలాను ‘మహారాణి’ని చేసెను. మంచి ముక్కకే తన ముఖము వాడుకొన్నాడని మా పిల్లలు ఆయనను తప్పుపట్టిరి. చివరి నియమము పమేలా కథ వినినవారు కోరినది: ప్రతి ముక్క వెనుకను గీసినవారి పేరు, కూర్చున్నవారి పేరు, రెండును సమానమైన అక్షరములతో ఉండవలెను.

మూడవదినము పిల్లవాడు వచ్చెను. బొమ్మను వాని చేతికిచ్చితిమి. చించునని అనుకొంటిమి, మడచి పుస్తకములో పెట్టుకొనెను. ఏ ముక్కకు కూర్చుందువని అడుగగా చాలసేపు చూచి ‘చంద్రుడు’ చూపెను. ఆ బొమ్మలో మనుష్యులు లేరు. చంద్రబింబమునందొక ముఖము మాత్రమున్నది. ఆ ముఖము వానిది. గీసినది ఆ మొదటివాడే. రెండు గంటలు ఎదురెదురుగా కూర్చుండిరి. ఏమి మాటలాడుకొనిరో మేము వినలేదు.

వెంగళప్ప ముక్క ఖాళీగా మిగిలినది. ఈ సంగతి యింట విన్న ఒక పెద్దాయన, ఎనుబది దాటినవాడు, మనుమని వెంటబెట్టుకొని బడికి వచ్చెను. తుంగభద్ర ఎడమగట్టు కాలువకు నీరు వచ్చిన క్రొత్తలో ఆయన డెల్టాలోని తన రెండెకరములు అమ్ముకొని, చూడని నల్లరేగడిని కొనుటకు మూటాముల్లెతో ఇచ్చటికి వచ్చినవాడు. ‘‘మా అన్నదమ్ములు నన్నన్న మాట అదేనయ్యా. వెంగళప్ప! నీళ్లు లేనిచోటికి ఎడ్లను తోలుకుపోతున్నాడని. నేను కూర్చుంటాను, గీయండి’’ అనెను. కూర్చుండలేదు, నిలిచెను. భుజముపై కర్ర, కర్రకు మూట. కుక్క మాత్రము మా బడి కుక్కయే. బొమ్మలోని కొండచరియ స్థానమున కాలువగట్టు గీసిరి.

ఇంతవరకు పదునెనిమిది ముక్కలు పూర్తియైనవి. అవి ప్రక్క గదిలో త్రాళ్లకు వ్రేలాడుచున్నవి. వెళ్లునపుడు దయచేసి చూడుడు. లక్క పూత ఇంకను ఆరలేదు గనుక చేతితో ముట్టవలదు. తమ బొమ్మ ఏ కారణముననైనను వద్దనుకొన్నవారు మాకు కారణము చెప్పనక్కరలేదు.

మిగిలిన నాలుగింటిలో మాకు నిజముగా చిక్కు తెచ్చుచున్నది ‘సూర్యుడు’. పమేలా బొమ్మలో గోడమీదుగా పొద్దుతిరుగుడు పూలు తొంగిచూచుచుండగా పసిబిడ్డయొకడు తెల్లగుఱ్ఱముపై చేతులు చాచి నవ్వుచుండును. పొద్దుతిరుగుడు పూలకు మన జిల్లాలో కొదవలేదు. గుఱ్ఱము దొరకలేదు, తెల్లయెద్దుతో సరిపెట్టుకొందుము, యజమాని పట్టుకొని నిలిచినచో. బిడ్డయే కావలెను. ఏడాదిన్నర, రెండేండ్ల బిడ్డ గలవారు ఎవరైనను అంగీకరించినచో వచ్చు ఆదివారము ఉదయము ఎండ ముదరకముందు తీసికొని రావలెనని కోరుచున్నాము. తల్లి ప్రక్కనే యుండవలెను. బిడ్డ యేడ్చినచో ఏడ్చునట్లే గీసెదము.